నియాన్ అక్షరముల కథ

ఈ మధ్య పెండ్లిపందిళ్లలో వధూవరులు కూర్చుండు వేదిక వెనుక వారి పేర్లు గులాబిరంగులోనో, పసుపుపచ్చగానో వెలుగుచుండుట చాలమంది చూచియుందురు. కాఫీ హోటలు గోడమీదను, క్షౌరశాల అద్దముపైనను, చదువుకొను పిల్లల గదులలోను ఇట్టి అక్షరములే కనబడుచున్నవి. చేతిపని తెలిసిన విద్యార్థులు కొందరు వీనిని ఇంటివద్దనే చేసికొనుచున్నారు. అంగడివాడు దీనిని నియాన్ బోర్డు అనును. కొన్నవారును అట్లే పిలుతురు. కాని విప్పి చూచినచో అందులో గాజు లేదు, వాయువు లేదు, నియాన్ అసలే లేదు. రబ్బరువలె వంగు సిలికోన్ తొడుగు, దాని కడుపులో ఒక సన్నని పట్టీ, ఆ పట్టీమీద వరుసగా అతికించిన ఎల్.ఇ.డి. దీపపు గింజలు, అంతే. లేని వస్తువు పేరు ఆ దీపమునకు ఎట్లు వచ్చినది?

కథ చాల వెనుకనుండి చెప్పవలెను. 1675 ప్రాంతమున పికార్ అను ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు ఒకనాటి రాత్రి తన పాదరస భారమితిని మోసికొని పోవుచుండెను. పాదరసము ఊగినపుడెల్ల దానిపైనున్న ఖాళీస్థలములో మిణుకుమిణుకుమని ఒక వెలుగు కనబడెను. ఆ ఖాళీస్థలములో గాలి లేదు, నిప్పు లేదు. మరి వెలుగెక్కడిది? కొన్ని సంవత్సరములు గడచిన పిమ్మట, 18వ శతాబ్ది మొదటి దశకములో, లండనులో హాక్స్‌బీ అను ప్రయోగకుశలుడు ఒక గాజుగోళమునుండి గాలిని తోడివేసి, దానిని గిరగిర త్రిప్పుచు చేతితో రాచెను. గోళము లోపల వెలుగు పుట్టినది. పెద్ద అచ్చక్షరములను చదువుకొనుటకు ఆ వెలుగు సరిపోయినదట. గాజు రాపిడివలన పుట్టిన విద్యుత్తే దీనికి మూలమనియు, గాలి పలుచనైన చోట విద్యుత్తు వెలుగుగా మారుననియు క్రమముగా తెలిసివచ్చినది.

తెలియుట వేరు, దానిని గొట్టములో బంధించి నిలుపుట వేరు. రెండవ పని శాస్త్రజ్ఞునివలన గాక ఒక పనివానివలన జరిగెను. జర్మనీలోని బాన్ నగరమున హైన్రిక్ గైస్లర్ అను గాజు పనివాడు ఉండెను. 1855లో అతడు పాదరసముతో పనిచేయు క్రొత్త శూన్యపు పంపును తయారుచేసెను. 1857లో, ఆ నగర విశ్వవిద్యాలయములో ఆచార్యుడైన ప్లూకర్ కోరికపై, రెండు కొనలందును లోహపు తీగలు అతికిన గాజుగొట్టములను చేసి, వానిలో వేరువేరు వాయువులను పలుచగా నింపి మూసివేసెను. విద్యుత్తు ప్రవహింపగానే ఒక్కొక్క వాయువు ఒక్కొక్క రంగున వెలిగినది. గైస్లర్ చేయి ఎంత తీరైనదనగా, చుట్టలు చుట్టిన గొట్టములు, ముత్యములవలె ఉబ్బిన గొట్టములు, పువ్వుల ఆకారమున మలచిన గొట్టములు అతని కర్మాగారమునుండి యూరపు అంతటికిని పోయినవి. పాఠశాలలు కొన్నవి, ధనికులు విందులలో అతిథులకు చూపుటకు కొనిరి. 1893లో చికాగో ప్రదర్శనమున నికొలా టెస్లా ఇట్టి గొట్టములను అక్షరములుగా వంచి వెలిగించి చూపెను. అనగా నియాన్ అను మూలద్రవ్యమును కనుగొనుటకు ముందే, వెలుగు గొట్టముతో అక్షరములు వ్రాయవచ్చునను ఆలోచన పుట్టియున్నది.

అట్లయిన అంగళ్లమీద ఆనాడే అట్టి బోర్డులు ఏల వెలయలేదు? గైస్లర్ గొట్టమునకు ఆయుర్దాయము తక్కువ. కొంతకాలము వెలిగినపిదప రంగు మారును, గాజు నల్లబడును, వెలుగు తరిగి తుదకు ఆరిపోవును. ప్రయోగశాలలో ఇది పెద్ద లోపము కాదు, బల్లమీద కొన్ని నిమిషములు వెలిగిన చాలును. వీధిలో ప్రతిరాత్రియు అయిదారు గంటలు, సంవత్సరముల తరబడి వెలుగవలసిన దీపమునకు అది ప్రాణాంతకమైన జబ్బు. ఈ జబ్బును కుదుర్చుటకు దాదాపు ఏబదియేండ్లు పట్టినది. నియాన్ దీపముల చరిత్రలో అసలు కథ ఇదే. వాయువును కనుగొన్నవారికంటె, గొట్టమును శుభ్రముగా నిలుపుట నేర్చినవారికి ఇందులో ఎక్కువ పాలు చెందవలెను.

మొదట పూనుకొన్నవాడు అమెరికాలో మక్‌ఫార్లన్ మూర్. ఇతడు ఎడిసన్‌వద్ద పనిచేసినవాడు. ఎడిసన్ బల్బు మరీ చిన్నది, మరీ వేడి, మరీ ఎఱ్ఱన అని యజమాని ముఖముననే అన్నాడని చెప్పుకొందురు. మూర్ తన పొడవాటి గొట్టములలో నత్రజనిని గాని, బొగ్గుపులుసు వాయువును గాని నింపెను. మొదటిదాని వెలుగు గులాబివన్నె, రెండవదాని వెలుగు పగటివెలుగువంటి తెలుపు. వెలుగుచున్నకొలది ఎలక్ట్రోడులును, గాజుగోడలును ఈ వాయువులను పీల్చివేయును. గొట్టములో తరిగిన వాయువును ఎప్పటికప్పుడు కొంచెముగా లోనికి వదలు ఒక కవాటమును మూర్ కల్పించెను. 1904లో న్యూజెర్సీలోని నెవార్క్ పట్టణమున ఒక ఇనుపసామాను అంగడిలో ఈ దీపము వెలిగినది. చూడముచ్చటగానే ఉన్నది. కాని గొట్టమును అంగడి కప్పుక్రిందనే ముక్కముక్కగా అతుకవలెను. పంపును అక్కడికే తీసికొనిపోవలెను. కవాటము చెడిన నిపుణుడు రావలెను. రోగికి మందు దొరకలేదు, ప్రతిదినము రక్తమెక్కించు ఏర్పాటు మాత్రము దొరకినది.

మూర్‌కు కావలసినది దేనితోను కలియని వాయువు. అట్టి వాయువులు అప్పటికే దొరకియుండెను. ఆ అన్వేషణలో తెలుగుదేశమునకును కొంత భాగమున్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము. ఫ్రెంచి ఖగోళజ్ఞుడు జాన్సెన్ గుంటూరునందు గుడారము వేసికొని, గ్రహణసమయమున సూర్యుని అంచులనుండి లేచు జ్వాలలను వర్ణపటదర్శినిలో చూచెను. వానిలో ప్రకాశమానమైన రేఖలు కనబడినవి. మదరాసు నక్షత్రశాలాధిపతి పోగ్సన్ మచిలీపట్నమునుండి అదే గ్రహణమును పరిశీలించెను. ఆ సంవత్సరము అక్టోబరులో ఇంగ్లండున లాక్యర్, ఆ రేఖలలోని పసుపుపచ్చనిది సోడియముది కాదని తేల్చెను. అది భూమిమీద ఎవరును ఎరుగని మూలద్రవ్యమునకు చెందినదని భావించి, దానికి హీలియమను పేరు పెట్టిరి. ఇరువదియేడు సంవత్సరముల పిమ్మట, 1895లో, విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజమునుండి హీలియమును భూమిమీదనే పట్టుకొనెను. దానికి ముందటి సంవత్సరమే రామ్సే, రేలీ పండితులు గాలిలో ఆర్గానును కనుగొనియుండిరి. ఈ రెండును ఒకే కుటుంబమువారైనచో, మధ్య ఖాళీలలో తోబుట్టువులు ఉండితీరవలెనని రామ్సే తలచెను.

1898 వేసవిలో రామ్సే, అతని సహాయకుడు ట్రావర్స్ ద్రవీకరించిన గాలిని, ఆర్గానును మెల్లమెల్లగా మరిగించి, వేరువేరు భాగములను గైస్లర్ గొట్టములలో నింపి పరీక్షించిరి. మే నెలలో క్రిప్టాన్ దొరకినది. జూన్‌లో ఒక భాగమునకు విద్యుత్తు కలుపగానే గొట్టమంతయు కుంకుమవన్నెతో భగ్గున వెలిగినది. క్రొత్త మూలద్రవ్యమని చెప్పుటకు వర్ణపటదర్శినితో పనిలేకపోయినది. పదమూడేండ్ల రామ్సే కుమారుడు దీనికి లాటినులో క్రొత్తది అను అర్థమిచ్చు పేరు పెట్టుమన్నాడట. తండ్రి ఆ అర్థమునే గ్రీకులోనికి మార్చి నియాన్ అని పెట్టెను.

నియాన్ ఎక్కడనో గనులలో దొరకునది కాదు, మనము పీల్చు గాలిలోనే ఉన్నది. పదిలక్షల పాళ్ల గాలిలో సుమారు 18 పాళ్లు నియాన్. ఇది చాల స్వల్పమని తోచును. కాని ఒక లెక్క వేసి చూడుడు. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తుగల గదిలో 36,000 లీటర్ల గాలి పట్టును. అందులోని నియాన్ సుమారు 650 ఘనసెంటీమీటర్లు. 13 మిల్లీమీటర్ల లోవ్యాసముగల గొట్టము ఒక మీటరు పొడవునకు 133 ఘనసెంటీమీటర్ల చోటు కలిగియుండును. దానిలో వాయుపీడనము పాదరసపు మట్టమున 10 మిల్లీమీటర్లు మాత్రమే ఉండవలెను. వాతావరణ పీడనము 760. కనుక మీటరు గొట్టమునకు కావలసిన నియాన్, బయటి గాలిపీడనమున కొలిచినచో, రెండు ఘనసెంటీమీటర్లకు లోపే. ఒక్క గదిలోని నియానుతో 300 మీటర్లకు పైగా గొట్టమును నింపవచ్చును! చిక్కెల్ల దానిని గాలినుండి విడదీయుటలోనే ఉన్నది.

ఆ చిక్కును విడదీసినవాడు జార్జి క్లాడ్. 1870లో పారిసున జన్మించిన ఇతడు 1902 నాటికి గాలిని పెద్దయెత్తున ద్రవీకరించు విధానమును కనిపెట్టెను. అతనికి కావలసినది ప్రాణవాయువు. లోహములను అతుకుటకును, ఆస్పత్రులకును దానిని అమ్మవలెనని ఉద్దేశము. ప్రాణవాయువుతోపాటు నియాన్ ఉప ఉత్పత్తిగా వచ్చి పడుచుండెను. ఏమిచేయవలెనో తోచక దానిని మూర్ గొట్టములవంటి గొట్టములలో నింపి చూచెను. వెలుగు అద్భుతముగా వచ్చినది. అద్భుతముగానే చెడిపోయినది కూడ.

క్లాడ్ రెండు కారణములను పట్టుకొనెను. మొదటిది మాలిన్యము. నియాన్‌లో మరియొక వాయువు ఏ కొంచెము కలిసినను ఎఱుపురంగు వెలవెలబోవును. గాజునుండియు, ఎలక్ట్రోడులనుండియు దాగియున్న వాయువులు వేడికి వెలువడుచునే యుండును. కనుక గొట్టమును వెలిగించుచునే, ద్రవీకృతవాయువుతో చల్లబరచిన బొగ్గును దానికి అనుసంధించి, ఆ మాలిన్యములను బొగ్గుచేత పీల్పించెను. చల్లని బొగ్గు ఇతర వాయువులను పీల్చును గాని నియానును అంతగా ముట్టదు. రెండవ కారణము ఎలక్ట్రోడు. విద్యుత్ప్రవాహములో పుట్టిన అయానులు వచ్చి తాకినపుడు ఎలక్ట్రోడునుండి లోహపు రేణువులు ఎగిరి, గాజుమీద నల్లని పూతగా పేరుకొనును. పేరుకొనుచు వాయువును గూడ తమతో బంధించుకొనును. నియాన్ దేనితోను రసాయనికముగా కలియదు, నిజమే. కాని ఇట్లు చెరబడి తరిగిపోవును. ఎలక్ట్రోడు వైశాల్యమును పెంచినచో ఈ దెబ్బ పలుచబడును. ఆంపియరు ఒక్కింటికి ఒకటిన్నర చదరపు డెసిమీటర్లకు మించిన వైశాల్యము ఉండవలెనని క్లాడ్ తన పేటెంటులో వ్రాసెను. మామూలు బోర్డులలో ప్రవహించునది ఆంపియరులో వందింట మూడువంతులు, అనగా 30 మిల్లీఆంపియర్లు. ఆ లెక్కన నాలుగున్నర చదరపు సెంటీమీటర్లు చాలును. వ్రేలితొడుగువంటి చిన్న లోహపు గిన్నె! యాబదియేండ్ల జబ్బునకు మందు అంత సాదాసీదాగా ఉన్నది.

1910 డిసెంబరులో పారిసున జరిగిన మోటారు ప్రదర్శనలో సుమారు 12 మీటర్ల పొడవుగల రెండు నియాన్ గొట్టములను క్లాడ్ వెలిగించెను. ఇండ్లలోను, వీధులలోను ఇదియే రాబోవు దీపమని అతని ఆశ. అది నెరవేరలేదు. ఆ ఎఱ్ఱని వెలుగులో మనిషి ముఖము చూచుటకు ఎవరు ఇష్టపడుదురు? అతని సహచరుడు ఫోన్సెక్ మాత్రము, చదువుకొనుటకు పనికిరాని ఈ వెలుగు చదివించుటకు పనికివచ్చునని గ్రహించెను. 1912లో మోంమార్త్ర రాజవీధిలో ఒక క్షౌరశాలకు మొదటి నియాన్ బోర్డు అమరినది. మరుసటి సంవత్సరము చిన్‌జానో అను మద్యముపేరు పారిసు ఆకాశమున పెద్ద అక్షరములతో వెలిగినది. 1915 జనవరి 19న క్లాడ్‌కు అమెరికాలో పేటెంటు లభించినది. తరువాత అతని సంస్థ ఊరూరను హక్కులను అమ్ముకొని విశేషముగా ధనమార్జించెను.

నియాన్ ఇచ్చునది ఎఱుపు-నారింజ వన్నె ఒక్కటే. వేగముగా పోవు ఎలక్ట్రానులు నియాన్ పరమాణువులను తాకినపుడు అవి శక్తిని గ్రహించి, దానిని వెంటనే కాంతిగా విడిచివేయును. ఆ కాంతిలోని ప్రబలమైన రేఖలు వర్ణపటమున ఎఱుపు, నారింజ ప్రాంతమందే ఉన్నవి. నీలము కావలసినచో ఆర్గానుతో ఒక పాదరసపు బొట్టు వేయుదురు. పచ్చ, తెలుపు, ఊదా మొదలగునవి రంగు గాజువలనను, గొట్టము లోపలి పూతవలనను వచ్చును. అనగా పూర్వపు నియాన్ బోర్డులలోనే సగమునకు నియాన్‌తో సంబంధము లేదు. పేరు అపుడే వస్తువును విడిచి తిరుగ నారంభించినది.

ఈ బోర్డు చేయుట యంత్రమునకు అబ్బలేదు, చేతిపనిగానే మిగిలినది. మొదట అక్షరములను నిండుకొలతలో, కుడియెడమలు తారుమారుగా, వేడికి తాళు రేకుమీద గీయుదురు. పూర్వము ఆ రేకు ఆస్బెస్టాసుది. అది ఊపిరితిత్తులకు ఎంత చెరుపో తరువాతగాని తెలియలేదు. సుమారు 1.2 మీటర్ల గాజుగొట్టము ఒక కొనకు బిరడా బిగించి, మరియొక కొనకు సన్నని రబ్బరుగొట్టమును తగిలించి, దాని చివరను పనివాడు నోట పెట్టుకొనును. గాజును మంటమీద త్రిప్పుచు, మెత్తబడగానే తీసి గీతమీద వంచును. ఆ క్షణముననే మెల్లగా ఊదవలెను. ఊదనిచో మలుపువద్ద గొట్టము నొక్కుకొనిపోవును. ఎక్కువ ఊదినచో బుడగయై పగులును. గాజు గట్టిపడుటకు కొన్ని సెకండ్లే వ్యవధి. ఈ ఊపిరి కొలత పుస్తకములో నేర్చునది కాదు, సంవత్సరములు పట్టును.

గాజునకు పదునైన మూల గిట్టదు. గుండ్రని మలుపు సులభము. ఆ విధముగా చూచిన తెలుగు అక్షరములు గాజుగొట్టమునకై పుట్టినట్లే యుండును! తాటాకుమీద గంటము ఆకును చీల్చకుండుటకే మన లిపి గుండ్రనైనదని అందురు. కాని మన వత్తులు మాత్రము గాజు పనివానిని ఏడిపించును. వత్తు అక్షరమునకు విడిగా ఉండును, గొట్టము తెగరాదు. కనుక అక్షరమునుండి వత్తునకు పోవు భాగమును వెనుకకు మళ్లించి నల్లరంగు పూయవలెను. వెలుగు దానిలోను పారుచునే యుండును గాని పైకి కనబడదు.

వంచుట ముగిసిన పిదప ఎలక్ట్రోడులను అతికి, పంపుతో గాలిని తీసివేసి, గొట్టముగుండ హెచ్చు విద్యుత్తును పంపుదురు. గాజు 200 డిగ్రీల సెంటీగ్రేడు దాటి కాగును. ఎలక్ట్రోడులు ఎఱ్ఱగా కాలును. గాజుమీద చిన్న కాగితపు ముక్క వేసి, అది గోధుమవన్నెకు తిరిగినచో వేడి చాలినదని గుర్తింతురు. ఇది క్లాడ్ చేసిన శుద్ధికి పనివారి పాఠాంతరము. అటుపిమ్మట నియానును నింపి గొట్టమును మూయుదురు. ఇట్లు శ్రద్ధతో చేసిన గొట్టములలో కొన్ని నలుబది, ఏబది సంవత్సరములు కూడ వెలిగినవి.

1932లో క్లాడ్ పేటెంటు గడువు తీరినది. అంతవరకు దాగియున్న విద్య చిన్నచిన్న దుకాణములకు పాకినది. ఇంటి వెనుక కొట్టములలో సైతము మంటలు వెలిగించి అక్షరములు వంచినవారు ఉండిరి. క్లాడ్ చివరిదినములు వెలుగులో గడువలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున జర్మనులతో సహకరించినందులకు 1945లో అతనికి యావజ్జీవ కారాగారశిక్ష విధింపబడెను. కొన్ని సంవత్సరములకు విడుదలై 1960లో మరణించెను.

గాజు నియానును పడద్రోసినది అర్ధవాహకపు గింజ. ఎఱ్ఱని ఎల్.ఇ.డి. 1962లోనే వచ్చినను, కాంతివంతమైన నీలపు ఎల్.ఇ.డి. 1990ల నడుమగాని సిద్ధము కాలేదు. దాని రూపకర్తలైన అకసాకి, అమానో, నకమురలకు 2014లో నోబెల్ బహుమానము లభించినది. నీలము చేతికి రాగానే తెలుపుతో సహా రంగులన్నియు అందుబాటులోనికి వచ్చినవి. హాంకాంగు వీధులలో 2010 తరువాత భద్రతా నిబంధనలవలన గాజు బోర్డులు పెద్దసంఖ్యలో దింపివేయబడినవి. లాస్‌వేగాస్ నగరమున పాత బోర్డులను దాచుటకు ఒక ప్రదర్శనశాలయే ఏర్పడినది. నియాన్ వాయువు మాత్రము నిరుద్యోగి కాలేదు. కంప్యూటరు చిప్పులపై సూక్ష్మరేఖలను చెక్కు లేజరులలో నిండియుండునది ప్రధానముగా అదే. 2022లో యుద్ధమువలన యుక్రెయినులోని నియాన్ శుద్ధిశాలలు ఆగినపుడు చిప్పుల పరిశ్రమ కలవరపడినది.

ఇంటివద్ద గాజు నియానును చేయబూనుట తగదు. బోర్డు వెనుకనుండు ట్రాన్స్‌ఫార్మరు 15,000 వోల్టుల వరకు ఇయ్యగలదు. పాదరసపు ఆవిరి మరియొక ప్రమాదము. సిలికోన్ పట్టీ 12 వోల్టులతో వెలుగును. మీటరునకు 10 వాట్లు ఖర్చగు పట్టీ 3 మీటర్లు వాడినచో 30 వాట్లు, అనగా రెండున్నర ఆంపియర్లు. కనుక 3 ఆంపియర్లకు తగ్గని అడాప్టరు కావలెను. పేరును కాగితముమీద నిండుకొలతలో గీసి, పారదర్శకమైన ఆక్రిలిక్ పలకక్రింద పెట్టి, గీతవెంట పట్టీని అతికింపవలెను. పట్టీని దానిమీద గుర్తించిన చోటులందే కత్తిరింపవలెను; ఇతరచోట కోసినచో ఆ ముక్క వెలుగదు. ఈ పట్టీ ఒక తలములోనే వంగును; మెలిత్రిప్పిన లోపలి రాగిదారులు తెగును. వత్తులకు విడి ముక్కలు కోసి, పలకకు సన్నని రంధ్రములు తొలిచి, వెనుకవైపున తీగలతో కలుపవలెను. గాజు పనివాడు నల్లరంగుతో దాచిన దారి ఇక్కడ పలకవెనుక దాగును.

ఈ తొడుగును పాలవన్నెతో, పైభాగము గుండ్రముగా చేయుదురు. లోపలి గింజలు విడివిడిగా చుక్కలవలె కనబడక, వెలుగంతయు ఒకే ధారగా, గాజుగొట్టములోని వాయువు వెలిగినట్లే తోచవలెనని తయారుచేయువారి కోరిక.